ఆర్గాన్ వేడెక్కినా ఆటమ్స్ మధ్య దూరం మారట్లేదు, మరి సాంద్రత ఎలా తగ్గుతోంది?

కాకినాడ_ఎమ్మెస్సీ | శనివారం రాత్రి 10:12
అందరికీ నమస్కారం అండి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి లిక్విడ్ ఆర్గాన్ సిమ్యులేషన్ చేస్తున్నానండి, మామూలు లెనార్డ్ జోన్స్ మోడలే (ఆటమ్స్ మరీ దగ్గరైతే తోసుకుంటాయి, కాస్త దూరమైతే లాక్కుంటాయి), ఆటమ్ సైజు చెప్పే సిగ్మా 3.405 ఆంగ్‌స్ట్రాములు, లాగుడు బలం చెప్పే ఎప్సిలాన్ 119.8 కెల్విన్, మొత్తం 864 ఆటమ్స్, నా లాప్‌టాప్ మీదే నడుస్తోంది. ముందు 85 కెల్విన్ దగ్గర చేశాను, సాంద్రత సీసీకి 1.41 గ్రాములు. తర్వాత వేడి పెంచుకుంటూ 140 కెల్విన్ దాకా వెళ్లాను, అక్కడ ఆవిరితో కలిసి ఉండే ద్రవం సాంద్రత 0.944 కాబట్టి అదే ఇచ్చాను.

చిక్కు ఎక్కడంటే, చిన్నప్పట్నుంచి మనం చదివింది వేడి చేస్తే అణువులు ఒకదానికొకటి దూరం జరుగుతాయి, అందుకే ద్రవం వ్యాకోచిస్తుంది అని కదా. ఆ లెక్కన సాంద్రత ఒకటిన్నర రెట్లు తగ్గింది కాబట్టి దాని ఘనమూలం 1.14, అంటే 85 దగ్గర 3.7 ఆంగ్‌స్ట్రాములున్న పక్క ఆటమ్ 140 దగ్గర 4.2 కి పోవాలి. పోవట్లేదండి. జి ఆఫ్ ఆర్ గీస్తే మొదటి శిఖరం దాదాపు అక్కడే నిలబడింది, కొంచెం పొట్టిదయింది, లావయింది, అంతే. కోడ్‌లో ఏమైనా తేడా ఉందంటారా? యూనిట్లు అన్నీ చూసుకున్నాను. సోమవారం గైడ్ గారికి చూపించాలి.

లంకగన్నవరం_కుర్రోడు | శనివారం రాత్రి 10:31
జి ఆఫ్ ఆర్ అంటే ఏంటో ఒక ముక్క చెప్పు బ్రదర్, నాలాంటి బీకాం వాళ్లు కూడా చదువుతారు ఇక్కడ.

కాకినాడ_ఎమ్మెస్సీ | శనివారం రాత్రి 10:40
ఒక ఆటమ్ మీద నిలబడి చుట్టూ చూశావనుకో. ఫలానా దూరంలో ఇంకో ఆటమ్ కనపడే అవకాశం, అవే ఆటమ్స్‌ని ఒక పద్ధతీ పాడూ లేకుండా చల్లేస్తే ఉండేదానికన్నా ఎన్ని రెట్లు ఉంది అనేదే జి ఆఫ్ ఆర్. ఒకటి ఉంటే మామూలే, ఒకటి కన్నా ఎక్కువుంటే అక్కడ జనం ఎక్కువ, సున్నా అంటే అక్కడ ఎవరూ ఉండరు. ఆర్గాన్‌లో 3 ఆంగ్‌స్ట్రాముల లోపు సున్నా, ఎందుకంటే అంతకన్నా దగ్గరికి రానివ్వదు.

అంబాజీపేట_మాస్టారు | ఆదివారం ఉదయం 6:05
బాబూ, నీ కోడ్‌కి ఏ రోగమూ లేదు. పైగా నీకు వచ్చిందే సరైన సమాధానం, ఆ పాఠ్యపుస్తకం వాక్యమే సగం నిజం. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకి ఫిజికల్ కెమిస్ట్రీ చెప్పాను, ఈ వాక్యం దగ్గర ప్రతి బ్యాచ్‌నీ ఆపి మాట్లాడేవాణ్ని, కాబట్టి కాస్త విపులంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మా ఊరి మార్కెట్ యార్డులో కొబ్బరికాయల రాశి పోస్తారు చూడు. ఆ రాశిలోంచి అక్కడో కాయ ఇక్కడో కాయ లాగేశావనుకో, మిగతావి కాస్త సర్దుకుంటాయి, కానీ ఆనుకున్న కాయలు ఆనుకునే ఉంటాయి. రెండు కాయల మధ్య దూరం మారదు, ఒక్కో కాయని ఆనుకున్న కాయల లెక్క తగ్గుతుంది. సాధారణ ద్రవం వేడెక్కి వ్యాకోచించేటప్పుడు జరిగేది ముఖ్యంగా ఇదే. అన్ని దూరాలూ సమానంగా సాగవు, మధ్యలో ఖాళీలు పుడతాయి. ఘనపదార్థాన్ని వేడి చేసినప్పుడైతే నువ్వు వేసిన ఘనమూలం లెక్క బాగానే పని చేస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రతి ఆటమ్‌కీ ఒక స్థానం రాసిపెట్టి ఉంటుంది, స్ఫటికం మొత్తం కలిసే సాగాలి. ద్రవానికి ఆ నిర్బంధం లేదు.

ఇది కంప్యూటర్ వచ్చాక తెలిసింది కాదు నాయనా. ద్రవాల నుంచి వచ్చే ఎక్స్‌రే చెదురుని ఇలా దూరాల లెక్కగా మార్చొచ్చని 1927లో జెర్నికే, ప్రిన్స్ చూపించారు. 1942లో ఐజెన్‌స్టైన్, గింగ్‌రిచ్ అనే ఇద్దరు ఆర్గాన్ మీదే ఎక్స్‌రేలు వేసి, రకరకాల ఉష్ణోగ్రతల్లో ద్రవాన్నీ ఆవిరినీ చూశారు. 1973లో యార్నెల్ బృందం 85 కెల్విన్ దగ్గర న్యూట్రాన్లతో ఇంకా నిక్కచ్చిగా కొలిచింది, నీ 85 కెల్విన్ గ్రాఫ్‌ని దాని పక్కన పెట్టి చూసుకో, ఒకదాని మీద ఒకటి పడాలి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది శిఖరం ఎక్కడుందో చూడ్డం కాదు, దాని కింద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం. జి ఆఫ్ ఆర్‌ని సాంద్రతతోనూ గోళం ఉపరితలంతోనూ గుణించి మొదటి లోయ దాకా కూడు. రెండు ఉష్ణోగ్రతల్లోనూ వచ్చిన అంకెలు ఇక్కడ పెట్టు.

కాకినాడ_ఎమ్మెస్సీ | ఆదివారం ఉదయం 9:48
మాస్టారూ, చాలా థాంక్స్ అండి. 5.3 ఆంగ్‌స్ట్రాముల దాకా కూడాను. 85 దగ్గర పన్నెండున్నర పైన వచ్చింది, 140 దగ్గర తొమ్మిదికి అటూ ఇటూ. అంటే పక్కవాళ్లు మూడు నలుగురు మాయమైపోయారండి, ఉన్నవాళ్లు మాత్రం కదల్లేదు!!

అంబాజీపేట_మాస్టారు | ఆదివారం ఉదయం 10:02
అదీ సంగతి. స్ఫటికంలో సరిగ్గా 12. కరిగేటప్పుడు ఆర్గాన్ సాంద్రత 1.62 నుంచి 1.42 కి పడుతుంది, అయినా కరిగిన కొత్తల్లో పక్కవాళ్లు అటూఇటూగా అంతమందే. అక్కణ్నుంచి క్రిటికల్ పాయింట్, అంటే ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోయే 150.7 కెల్విన్ వైపు పోతున్నకొద్దీ తగ్గిపోతారు, అక్కడ సాంద్రత 0.536 మాత్రమే, పక్కవాళ్లు సగానికన్నా కిందికి దిగుతారు.

రావులపాలెం_వెల్డింగ్ | ఆదివారం మధ్యాహ్నం 1:20
నమస్తే అండి, ఆర్గాన్ అని చూసి వచ్చాను. మాది టిగ్ వెల్డింగ్ షాపు, స్టీల్ రెయిలింగులు గేట్లు చేస్తాం. మా దగ్గరికి వచ్చే ఆర్గాన్ సిలిండరు ఫుల్లుగా ఉన్నప్పుడు మీటరు 150 బార్ చూపిస్తుంది, వాడేకొద్దీ ముల్లు సాఫీగా దిగుతూ ఉంటుంది, 75 ఉంటే సగం ఉందని మేం లెక్కేసుకుంటాం, అది ఎప్పుడూ తప్పలేదు. ఇంట్లో గ్యాస్ సిలిండరు అలా కాదు, చివరిదాకా ఒకేలా మండి ఉన్నట్టుండి అయిపోతుంది. అయితే ఆర్గాన్ బండలో ఉన్నది ద్రవమా గ్యాసా? ఊపితే ఏం కదలదు, కానీ నిండు బండకీ ఖాళీ బండకీ బరువు తేడా తెలుస్తుందండి ఎత్తేటప్పుడు.

పాలకొల్లు_టు_పూణే | ఆదివారం మధ్యాహ్నం 2:15
మంచి ప్రశ్న అన్నా. నేను పీహెచ్‌డీ ఈ ఏరియాలోనే చేస్తున్నా. మీ బండలో ఉన్నది పాత లెక్కలో ద్రవమూ కాదు గ్యాసూ కాదు, సూపర్ క్రిటికల్ ఫ్లూయిడ్ అంటారు. ఆర్గాన్ క్రిటికల్ టెంపరేచర్ 150.7 కెల్విన్, అంటే సున్నాకి కింద 122 డిగ్రీలు. అంతకన్నా వేడిగా ఉన్నంతసేపూ ఎంత నొక్కినా ద్రవం, ఆవిరి అని రెండుగా విడిపోదు, మధ్యలో ఉపరితలం ఏర్పడదు, అందుకే ఊపితే గలగల ఉండదు. నొక్కేకొద్దీ చిక్కబడుతుంది అంతే. మీ 150 బార్ దగ్గర సీసీకి పావు గ్రాము చిల్లర, ద్రవ ఆర్గాన్ చిక్కదనంలో ఆరో వంతుకి కాస్త ఎక్కువ. 47 లీటర్ల బండలో పదకొండు పన్నెండు కిలోల ఆర్గాన్ ఉంటుంది, మీ చేతికి తెలిసే బరువు తేడా అదే.

ఇంటి గ్యాస్‌లో ఉండేది ప్రొపేను, బ్యూటేను. ప్రొపేను క్రిటికల్ టెంపరేచర్ 96.7 డిగ్రీలు, బ్యూటేనుది 152. మన ఎండాకాలం ఎంత మండినా వాటి కిందే ఉంటాం కాబట్టి లోపల అడుగున ద్రవం పైన ఆవిరి, ద్రవం ఉన్నంతసేపూ పైన ఆవిరి ఒత్తిడి పెద్దగా పడదు. అందుకే చివరిదాకా అదే మంట.

తాటిపాక_గ్యాస్ | ఆదివారం మధ్యాహ్నం 3:05
ఆయ్, అయితే మన కేజీ బేసిన్ గ్యాసు కూడా ఆర్గాన్ బాపతేనండి. మీథేను క్రిటికల్ టెంపరేచర్ మైనస్ 82.6. అందుకే సీఎన్‌జీ ఆటోల్లో 200 బార్ కొట్టినా లోపల ద్రవం ఉండదు, ద్రవం కావాలంటే మైనస్ 162 దాకా చల్లబరిచి ఎల్ఎన్‌జీ చేయాల్సిందే. ఇంకోటి చెప్పనా, కార్బన్ డయాక్సైడ్ క్రిటికల్ టెంపరేచర్ 31 డిగ్రీలు. గోడకి తగిలించే సీవోటూ ఫైర్ సిలిండరు సంక్రాంతికి తెల్లారగట్ట చూస్తే లోపల ద్రవం ఆవిరి విడివిడిగా ఉంటాయి, మే నెల మిట్టమధ్యాహ్నం అదే బండలో రెండూ ఒకటైపోయి ఉంటాయి. సీవోటూలో ఆ గీత చెరిగిపోవడం ఆండ్రూస్ 1869లోనే చూపించాడు, క్రిటికల్ పాయింట్ అనే మాట అక్కణ్నుంచే వచ్చింది. గాజు గొట్టంలో చేస్తే ఆ దగ్గర్లో పాలలాగా తెల్లబడుతుంది కూడానండి, నేను ట్రైనింగులో కళ్లారా చూశాను, స్పష్టంగా ఉన్నది క్షణాల్లో మసకబారింది, వేడి ఒక్క పిసరు పెరగ్గానే మళ్లీ తేటపడింది, అప్పటికి మధ్యలో గీత లేదు.

కాకినాడ_ఎమ్మెస్సీ | ఆదివారం సాయంత్రం 5:30
ఇది చాలా బావుంది. కానీ నా అసలు డౌటు ఇంకా మిగిలే ఉంది. నేను 85 నుంచి 140 కి పోయినప్పుడు ఉష్ణోగ్రత పెరిగింది, సాంద్రత కూడా తగ్గింది, రెండూ ఒకేసారి మారాయి. నిర్మాణం మారింది దేనివల్ల?

పాలకొల్లు_టు_పూణే | ఆదివారం సాయంత్రం 6:10
తమ్ముడూ, అసలు అడగాల్సింది ఇదే. సాంద్రత వల్ల. దాదాపు మొత్తం సాంద్రత వల్లే. రెండిటినీ విడదీసి చూడు, 1.41 దగ్గరే సాంద్రత కట్టేసి ఉష్ణోగ్రత ఒక్కటే 350 కెల్విన్‌కి పెంచి రన్ చెయ్, నీకే కనపడుతుంది.

ఎందుకంటే, చిక్కటి ద్రవంలో ఒక్కో ఆటమ్‌ని అన్ని వైపుల నుంచీ పక్కవాళ్లు లాగుతుంటారు, ఆ లాగుడు ఇటూ అటూ చాలావరకు కొట్టుకుపోతుంది. మిగిలేది ఒకదాన్నొకటి తోసుకోవడమే. కాబట్టి ఎవరు ఎక్కడ ఉండాలో తోపుడే తేలుస్తుంది, ఆకర్షణ అనేది మొత్తాన్ని ఒక సంచిలో బిగించి పట్టుకునే పని చేస్తుంది. వాన్ డెర్ వాల్స్ 1873 థీసిస్‌లో ఆకర్షణని ఇలాగే వెనకాల ఉండే సమానమైన లాగుడుగా తీసుకున్నాడు, దాన్ని 1971లో వీక్స్, చాండ్లర్, ఆండర్సన్ గట్టి సిద్ధాంతంగా నిలబెట్టారు. అంతకుముందు 1957లో ఆల్డర్, వెయిన్‌రైట్ ఇంకా తెగించి, అసలు ఆకర్షణే లేని గట్టి గోళాలు కూడా కిక్కిరిస్తే స్ఫటికంగా గడ్డకడతాయని కంప్యూటర్‌లో చూపించారు. గోళాలు మొత్తం ఘనపరిమాణంలో 49.4 శాతం ఆక్రమించాక గడ్డకట్టడం మొదలు, 54.5 దగ్గర పూర్తి. గట్టి గోళాల్లో ఉష్ణోగ్రతకి పనే లేదు, అది వేగాలు పెంచుతుంది తప్ప అమరికని ఇంచు కూడా కదపదు, అమరిక మొత్తం సాంద్రత చేతిలోనే. ఆర్గాన్ పూర్తిగా అలా కాకపోయినా దానికి చాలా దగ్గర.

యానాం_రీడర్ | ఆదివారం రాత్రి 8:44
పాలకొల్లు అన్న గారి మాట చిక్కటి ద్రవం వరకే నిజం అండి, ఇక్కడ గీత గీయకపోతే పిల్లలు పొరబడతారు. పల్చటి గ్యాస్‌కి రండి. అక్కడ జి ఆఫ్ ఆర్ అనేది రెండు ఆటమ్స్ మధ్య శక్తిని ఉష్ణోగ్రతతో భాగించి, మైనస్ పెట్టి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే వచ్చేది, సాంద్రత ఆ ఫార్ములాలోనే లేదు. మొత్తం ఉష్ణోగ్రతే. లెక్క కట్టండి, 300 కెల్విన్ దగ్గర శిఖరం ఎత్తు సుమారు 1.5, 90 కెల్విన్ దగ్గర సుమారు 3.8. అంటే చల్లటి పల్చటి ఆర్గాన్ గ్యాస్‌లో మొదటి శిఖరం ద్రవంలో కన్నా ఎత్తు! ద్రవంలో 3 కదా. అలాగని గ్యాస్‌లో క్రమం ఎక్కువుందని ఎవరైనా అంటారా? దాని తర్వాత రెండో శిఖరమే ఉండదు, పక్కవాళ్లని లెక్కపెడితే సగటున ఒక్కడు కూడా రాడు. శిఖరం ఎత్తు చూసి నిర్మాణం ఎక్కువ తక్కువ అని రాసేసే రిపోర్టులు నేను చాలా దిద్దాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పాలకొల్లు_టు_పూణే | ఆదివారం రాత్రి 9:02
ఒప్పుకుంటాను సార్, నేను చెప్పింది ట్రిపుల్ పాయింట్ (ఘనం, ద్రవం, ఆవిరి మూడూ కలిసి ఉండే చోటు) సాంద్రతల దగ్గర నుంచి క్రిటికల్ సాంద్రతకి రెండు రెట్ల దాకా బాగా నిలబడుతుంది. పల్చబడేకొద్దీ ఆకర్షణ బయటికొస్తుంది, ఎందుకంటే లాగేవాళ్లు అన్ని వైపులా లేరు, కొట్టుకుపోవడానికి. తమ్ముడి రిపోర్టుకి ఇది రెండు అధ్యాయాలు అవుతుంది నిజానికి.

కాకినాడ_ఎమ్మెస్సీ | ఆదివారం రాత్రి 11:37
రన్ అయిపోయిందండి! సాంద్రత 1.41, ఉష్ణోగ్రత 350. మొదటి శిఖరం ఎత్తు 3 నుంచి రెండున్నర లోపుకి దిగింది. రెండో శిఖరం కాస్త చదునైంది కానీ ఉంది, మూడోది కూడా ఆనవాలు ఉంది. పక్కవాళ్లు మళ్లీ పన్నెండు పైనే!! ఒక్కటి మాత్రం అనుకోనిది, శిఖరం 3.7 నుంచి 3.6 కన్నా లోపలికి వచ్చింది. అంటే వేడి చేస్తే దూరం పెరగాల్సింది పోయి తగ్గింది. ఒత్తిడి అయితే నాలుగు వేల అట్మాస్ఫియర్లు దాటింది.

అంబాజీపేట_మాస్టారు | సోమవారం ఉదయం 5:50
శభాష్. ఆ లోపలికి రావడం కూడా న్యాయమే. ఆర్గాన్ గోళం ఉక్కు గోళం కాదు, పైన కాస్త మెత్తన. వేడెక్కితే ఆటమ్స్ ఎక్కువ వేగంతో వచ్చి గుద్దుకుంటాయి, కాబట్టి ఒకదాని మెత్తదనంలోకి ఇంకోటి ఇంకొంచెం దూరి వెనక్కి పోతుంది. సాంద్రతని కట్టేసి వేడి చేస్తే పక్క ఆటమ్ దగ్గరికి వస్తుంది అన్న ఈ ఒక్క మాట, గ్రాఫుతో సహా నీ రిపోర్టు మొదటి పేజీలో పెట్టు.

ఇంకొక్క విషయం, నువ్వు 864 ఆటమ్స్ ఎందుకు పెట్టుకున్నావో నీకు తెలుసా లేక ఎవరిదో ఇన్‌పుట్ ఫైలు తీసుకున్నావా తెలీదు గానీ, ఆ అంకెకి ఒక చరిత్ర ఉంది. 1964లో అనీసుర్ రహమాన్ ఆర్గాన్ చేసినప్పుడు పెట్టింది సరిగ్గా 864 ఆటమ్స్, 94.4 కెల్విన్, సాంద్రత 1.374. అమెరికా ఆర్గోన్ నేషనల్ లాబొరేటరీలో సీడీసీ 3600 అనే కంప్యూటరు మీద. నిజమైన ద్రవంలా ఆకర్షణ, తోపుడు రెండూ ఉన్న ఆటమ్స్‌ని న్యూటన్ సూత్రాలతో కదిలించి చూడ్డం అక్కడే మొదలు. ఆయన 1927లో పుట్టింది మన హైదరాబాద్‌లో. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఆయన్ని మాలిక్యులర్ డైనమిక్స్‌కి తండ్రి అంటారు, మన డిగ్రీ కాలేజీల్లో మాత్రం ఆ పేరు విన్న పిల్లాడు నాకు ఒక్కడు కూడా తగల్లేదు, అది నాకు ఎప్పుడూ బాధే. గైడ్ గారికి చూపించేటప్పుడు ఆ పేరు రాయి.

లంకగన్నవరం_కుర్రోడు | సోమవారం ఉదయం 8:15
ఇది నాకు తెలీదు మాస్టారూ, ఒళ్లు పులకరించింది.

భీమవరం_చెరువులు | సోమవారం ఉదయం 9:26
అండి, రొయ్యల చెరువులు చేస్తాం. ఇదంతా నీళ్లకి కూడా వర్తిస్తుందా? వేడెక్కితే ఖాళీలు పుడతాయి అన్నారు కదా, మరి ఖాళీలు ఎక్కువైతే ఆక్సిజన్ ఎక్కువ పట్టాలి, మాకు ఎండ ముదిరితే డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతోంది, ఏరేటర్లు రాత్రంతా తిప్పాల్సి వస్తోంది.

యానాం_రీడర్ | సోమవారం ఉదయం 10:40
నీళ్లు సాధారణ ద్రవం కాదండి, వాటి కథే వేరు. ఆర్గాన్‌లో ఎవరు ఎటు పక్క నుంచైనా ఆనుకోవచ్చు, నీటి అణువు మాత్రం హైడ్రోజన్ బంధాల వల్ల నాలుగు దిక్కులే ఎంచుకుంటుంది. మొదటి శిఖరం 2.8 ఆంగ్‌స్ట్రాముల దగ్గర, రెండోది 4.5 దగ్గర, ఆర్గాన్ బాపతు అయితే రెండోది అయిదు దాటాలి. పక్కవాళ్లు పన్నెండు కాదు, నలుగురు చిల్లర. అందుకే మంచు కరిగితే తగ్గాల్సిన సాంద్రత పెరుగుతుంది, 4 డిగ్రీల దాకా పెరిగి అక్కణ్నుంచి తగ్గుతుంది.

మీ డీవో సంగతి ఖాళీలతో తేలదండి. ఆక్సిజన్ నీళ్లలో కరిగేటప్పుడు కొంచెం వేడి విడుదలవుతుంది, అలాంటి వాయువు నీళ్లు వేడెక్కేకొద్దీ బయటికే పోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు 9.1 మిల్లీగ్రాములు పట్టుకోగలిగితే 30 దగ్గర 7.5 మాత్రమే, ఉప్పునీళ్లయితే ఇంకా తక్కువ. రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ తయారు చేయదు, పీల్చుకుంటుంది. ఏరేటర్లు ఆపకండి.

కాకినాడ_ఎమ్మెస్సీ | సోమవారం రాత్రి 7:55
గైడ్ గారు చాలా మెచ్చుకున్నారండి, రహమాన్ పేరు చూసి ఆగి మరీ అడిగారు. ఇప్పుడు క్రిటికల్ పాయింట్ దగ్గర కూడా చేయమన్నారు, 0.536 సాంద్రత, 155 కెల్విన్. ఇదే 864 తో చేసేయొచ్చా?

పాలకొల్లు_టు_పూణే | సోమవారం రాత్రి 8:30
వద్దు తమ్ముడూ, అక్కడ 864 చాలవు. ఆ సాంద్రతకి నీ బాక్సు ఒక పక్క 47 ఆంగ్‌స్ట్రాములు వస్తుంది, జి ఆఫ్ ఆర్ సగం దాకానే నమ్మొచ్చు, అంటే 23. క్రిటికల్ దగ్గర గుంపులు గుంపులుగా చిక్కటి చోట్లు పల్చటి చోట్లు ఏర్పడతాయి, తాటిపాక గారు చూసిన పాల తెలుపు వాటివల్లే, ఆ గుంపులు కాంతి తరంగం సైజుకి పెరిగిపోతాయి కాబట్టి. నీ జి ఆఫ్ ఆర్ ఒకటి చుట్టూ పైకీ కిందకీ ఊగడం మానేసి, ఒకటికి పైనే ఉండి మెల్లగా దిగుతూ పోతుంది, బాక్సు అయిపోయినా అది ఇంకా అయిపోదు. ఊగుతూ దిగడం ఎక్కడ ఆగి నున్నగా దిగడం ఎక్కడ మొదలవుతుందో దానికి ఫిషర్, విడమ్ 1969లో ఒక గీతే గీశారు, కుదిరితే అది కూడా వెతుకు. ఆటమ్స్ 10 వేలకి తక్కువ పెట్టకు, కటాఫ్ (ఎంత దూరం దాకా ఆటమ్స్ మధ్య లాగుడు లెక్కేస్తామో అది) కూడా రెండున్నర సిగ్మాకి బదులు నాలుగు పెట్టు, క్రిటికల్ టెంపరేచర్ కటాఫ్‌తో పాటు కదులుతుంది, చిన్న కటాఫ్‌తో 155 అనేది నువ్వు అనుకున్నంత దగ్గర కాకపోవచ్చు.

అంబాజీపేట_మాస్టారు | సోమవారం రాత్రి 9:10
పక్కవాళ్లని లెక్కపెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త బాబూ. అక్కడ మొదటి లోయ సరిగ్గా కనపడదు, కాబట్టి లోయ దాకా అంటే కుదరదు. 85 దగ్గర వాడిన 5.3 నే అన్ని చోట్లా వాడు, వాడినట్టు పట్టిక కింద రాయి, లేకపోతే ఒక్కో ఉష్ణోగ్రతకి ఒక్కో గీటురాయి అయిపోయి అంకెల్ని పోల్చడానికే వీలుండదు.

కాకినాడ_ఎమ్మెస్సీ | సోమవారం రాత్రి 9:14
అలాగేనండి మాస్టారూ. 10 వేల ఆటమ్స్‌తో ఇప్పుడే పెట్టేశాను, గ్రాఫులు రాగానే ఇక్కడే వేస్తాను.